పడుకునే చోటి ఎత్తు కూడా అచ్చువేయండి

సంపాదకులకు,

నమస్కారం. గణతంత్ర దినోత్సవపు సెలవుకు వారాంతాన్నీ, మరో రెండు రోజుల సొంత సెలవునూ కలుపుకుంటే హిమాచల్ ప్రదేశ్‌లోని స్పితి లోయకు వెళ్లి, కరెంటూ ఫోన్ సిగ్నలూ అందని మంచు పల్లెలో హాయిగా గడిపి రావచ్చని బెంగళూరు తెలుగువారిని ఊరిస్తూ మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. వ్యాసం బాగుంది, ఫొటోలు ఇంకా బాగున్నాయి. ఏ పూట ఏం తింటామో, ఎన్ని జతల ఉన్ని మేజోళ్లు పట్టుకెళ్లాలో, ఏ వంతెన మీద నిలబడితే ఫొటో బాగా వస్తుందో అందులో వివరంగా ఉంది. ఏ రాత్రి ఎంత ఎత్తున పడుకుంటామో మాత్రం ఒక్క వాక్యంలోనూ లేదు. నిరుడు జనవరిలో ఇలాంటి ప్రయాణమే చేసి వచ్చినవాడిని కనుక, ఆ ఒక్క అంకె కనబడకపోతే ఏమవుతుందో చెప్పడానికి ఈ ఉత్తరం రాస్తున్నాను.

మన బెంగళూరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. వేసవిలో ఇక్కడి తెలుగువాళ్లం చల్లదనం కోసం పరుగెత్తే హార్స్‌లీ కొండలు 1,265 మీటర్లు. దక్షిణ భారతదేశంలో అన్నింటికన్నా ఎత్తైన ఆనైముడి శిఖరమే 2,695 మీటర్లు. అంటే దక్షిణాదివాడు ఇక్కడ ఎన్ని కొండలెక్కినా, 3,000 మీటర్లకు పైన తన ఒళ్లు ఎలా ఉంటుందో ముందుగా తెలుసుకునే వీలు లేదు. స్పితికి కేంద్రమైన కాజా 3,600 మీటర్లకు పైన ఉంది. మీ వ్యాసంలో చెప్పిన కిబ్బర్ చుట్టుపక్కల పల్లెలు 4,200 మీటర్ల దరిదాపుల్లో ఉన్నాయి. గాలిలో ప్రాణవాయువు పాలు అక్కడా 21 శాతమే కానీ, గాలి ఒత్తిడి తగ్గిపోవడం వల్ల ఒక్కో శ్వాసకు అందేది సముద్రతీరంలో అందేదానిలో 60 శాతం మాత్రమే. దీనికి శరీరం అలవాటు పడగలదు. ఊపిరి వేగం పెంచుకుంటుంది, ఆ వేగం నిలవడానికి వీలుగా మూత్రపిండాలు రక్తంలోని క్షారాన్ని కొంత బయటికి పంపుతాయి. అయితే ఆ పనికి గంటలు చాలవు, రోజులు కావాలి. అందుకే 3,000 మీటర్లు దాటాక నిద్రించే ఎత్తును రోజుకు 500 మీటర్లకు మించి పెంచవద్దనీ, ప్రతి మూడు నాలుగు రోజులకు ఒక రాత్రి ఉన్నచోటే ఆగిపోవాలనీ పర్వత వైద్యులు చెబుతారు. పగలు ఎంత పైకి వెళ్లి వచ్చామన్నది కాదు, రాత్రి ఎక్కడ పడుకున్నామన్నదే వారి లెక్క.

చలికాలంలో కుంజుం కనుమ మంచుతో మూసుకుపోతుంది కనుక మనాలి వైపు నుంచి స్పితికి దారి ఉండదు; సిమ్లా, కిన్నౌర్‌ల మీదుగా మొదట సట్లెజ్ నదినీ, ఆ తరువాత స్పితి నదినీ పట్టుకుని వెళ్లాలి. ఒక రకంగా ఇది మనకు మేలే. సుమారు 2,200 మీటర్ల సిమ్లాలో ఒక రాత్రి, 2,900 మీటర్ల కల్పాలో ఒక రాత్రి, 996లో స్థాపించిన బౌద్ధారామం ఉన్న తాబోలో దాదాపు 3,280 మీటర్ల మీద రెండు రాత్రులు ఆగుతూ పోతే, ఆ దారే మన ఒంటిని మెల్లగా సిద్ధం చేస్తుంది. మాకు ప్రయాణం అమ్మిన బెంగళూరు ట్రావెల్స్ వారు మా సెలవులకు సరిపెట్టడం కోసం సిమ్లానూ తాబోనూ తీసేశారు. చండీగఢ్‌లో విమానం దిగి, రాత్రంతా కారులోనే కూర్చుని కల్పా చేరి, అక్కడ ఒక్క రాత్రి పడుకుని, మర్నాడు చీకటి పడేసరికి 4,200 మీటర్ల మీది పల్లెలో ఉన్నాం. ఒక్క పగటిలో 1,300 మీటర్లు ఎక్కామన్నమాట. పాదాలకు లేపనం పూసుకుని క్షణాల్లో హిమాలయం చేరుకున్న ప్రవరుడి కథ మనవాళ్లకు తెలియనిది కాదు. మంచుకు ఆ లేపనం కరిగిపోయాక గాని తానెంత దూరం వచ్చాడో ఆయనకు తెలిసిరాలేదు. మాకు విమానం టికెట్టే ఆ లేపనం.

మేము నలుగురం: నేను, మా బావమరిది, మారతహళ్లిలో మా పక్క ఫ్లాటులో ఉండే తండ్రీకొడుకులు. ఆ రాత్రి భోజనాల దగ్గరే మా బావమరిదికి తల బద్దలయ్యేంత నొప్పి, వికారం మొదలయ్యాయి. మేము దిగిన ఇంట్లో చలికాలమంతా ఇంటిల్లిపాదీ వంటగదిలోనే, బుఖారీ అనే ఇనుప పొయ్యి చుట్టూ పడుకుంటారు. దాన్ని అక్కడివారు తందూర్ అని కూడా అంటారు. దాని పొగగొట్టం కప్పులోంచి బయటికి పోతుంది. మమ్మల్నీ అక్కడే పడుకోమన్నారు. కరపత్రంలో ప్రత్యేక గది అని రాసి ఉంది, దానికి డబ్బు కట్టాం కదా అని మేము పట్టుదలగా విడిగదికే వెళ్లాం. బయట సున్నాకు 20 డిగ్రీలు దిగువన చలి. ఆ గదిలో పొయ్యీ లేదు, గొట్టమూ లేదు. బావమరిది పదేపదే అడిగితే ఆ ఇంటి ఇల్లాలు బొగ్గుల కుంపటి తెచ్చిపెట్టి, తలుపు ఓరగా తీసి ఉంచి, తాను గడప దగ్గరే కూర్చుంది. అరగంట గడిచాక కుంపటి ఎత్తుకుని వెళ్లబోయింది. "ఇంత డబ్బు పోసి వచ్చాం కదా బావా, నాలుగు బొగ్గుల దగ్గర కూడా పిసినారితనమా!" అని వాడు నాతో తెలుగులో విసుక్కున్నాడు. ఆమెకు భాష తెలియకపోయినా సంగతి తెలిసింది. గదిలో నిప్పు పెట్టుకుని పడుకున్నవాళ్లు మళ్లీ లేవరని హిందీలో ఒక్క ముక్క చెప్పి, కుంపటి బయట పెట్టి, మరో రెండు రజాయిలు తెచ్చి వాడి మీద కప్పి వెళ్లింది.

బొగ్గు కాలేటప్పుడు పుట్టే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను అది ప్రాణవాయువు కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. నా చిన్నతనంలో అనంతపురం జిల్లాలో బాలింతల గదిలో కుంపటి పెట్టడం నేనూ చూశాను. ఆ పెంకుటిళ్ల కప్పులకు లెక్కలేనన్ని సందులు ఉండేవి కనుక గండం గడిచేది. స్పితిలో మట్టిగోడలు మూరెడు మందం, పైగా మా గది కిటికీలకు గాలి చొరబడకుండా ప్లాస్టిక్ పట్టాలు బిగించి ఉన్నాయి. అసలు చిక్కు ఇంకొకటి ఉంది. తలనొప్పి, వికారం, తల తిరగడం, మగత అనేవి ఎత్తు వల్ల వచ్చే జబ్బుకూ, ఈ వాయువు ఒంట్లో చేరడానికీ ఒకే తీరుగా కనబడే లక్షణాలు. కుంపటిని గదిలోనే ఉంచుకుని పడుకుని, అదృష్టం బాగుండి తెల్లవారి లేచినా, ఆ తలనొప్పి దేనివల్లనో మాలో ఎవరూ చెప్పగలిగేవాళ్లం కాదు. నిప్పులేని గదిలో పడుకున్నా పొద్దున నొప్పి అలాగే ఉంది కాబట్టే అది ఎత్తు చేసిన పని అని తేలింది. డ్రైవరు మరో మాట లేకుండా బండి తీసి మమ్మల్ని తాబోకు దింపాడు. సుమారు 900 మీటర్లు దిగాక, ఆ సాయంత్రం మా బావమరిది తానే అడిగి అన్నం పెట్టించుకున్నాడు.

ఈ జబ్బుకు దిగడమే అసలైన చికిత్స. బెంగళూరు దుకాణాల్లో కొని సంచుల్లో పెట్టుకుపోయే చిన్న ఆక్సిజన్ డబ్బాలు కొన్ని నిమిషాలకు మించి రావు. అసిటజోలమైడ్ మాత్రను ఎక్కడానికి ముందురోజు నుంచే వాడమని వైద్యులు కొందరికి రాస్తారు, అయితే సల్ఫా మందులు పడనివారు ఆ సంగతి ముందే వైద్యుడికి చెప్పాలి. పైగా ఆ మాత్ర శరీరానికి కొంత సాయం చేస్తుందే గాని, దాటవేసిన రాత్రులను తిరిగి ఇవ్వదు. నొప్పిని లెక్కచేయకుండా ఇంకా పైకి పోయినవారికి ఊపిరితిత్తుల్లోనో మెదడులోనో నీరు చేరే ప్రమాదం ఉంది. విశ్రాంతిగా కూర్చున్నా ఆయాసపడటం, నడకలో తూలడం, మాట తడబడటం కనబడితే తెల్లవారేదాకా కూడా ఆగకూడదు. కాజాలో చిన్న ప్రభుత్వాసుపత్రి ఉంది. అంతకన్నా పెద్దది కావాలంటే రెకాంగ్ పియో వెళ్లాలి, అది దాదాపు 200 కిలోమీటర్లు. ఆ దారిలో నాకో అనే ఊరి దగ్గర, మాలింగ్ నాలా అనే చోట కొండచరియలు విరిగిపడటం మామూలు.

తిరిగి వచ్చాక ట్రావెల్స్ ఆఫీసుకు వెళ్లి, భోజనంలో ఏ కూరో రాసినవారు పడుకునే ఎత్తు ఎందుకు రాయలేదని అడిగాను. "ఎత్తు రాస్తే ఫ్యామిలీలు భయపడి రారు సార్" అన్నాడు అక్కడి కుర్రవాడు. అతని నిజాయితీకి నాకు కోపం రాలేదు. కానీ అదే ఖాళీ ఒక పత్రికలోనూ కనబడినప్పుడు ఊరుకోవాలనిపించలేదు, ఎందుకంటే కరపత్రాన్ని అనుమానంగా చదివే మనవాళ్లు మీ పత్రికను నమ్మి చదువుతారు.

ఎత్తుతో పాటు ఇంకొక మాట కూడా వ్యాసంలో ఉండవలసింది: గదికి వేడి ఎలా వస్తుందన్నది. కరెంటు లేకపోవడాన్ని వ్యాసం ఒక భోగంగా వర్ణించింది. మన వీధిలో రెండు గంటలు కరెంటు పోతే బెస్కామ్‌కు ఫోన్ మీద ఫోన్ చేసే మనమే, అక్కడ కరెంటు లేకుండా ఉండటానికి రాత్రికి వేలు చెల్లిస్తున్నాం. అది మన ముచ్చట, కాదనను. అయితే స్పితి చెట్లు లేని శీతల ఎడారి. వంటచెరకు కింది లోయల నుంచి లారీల్లో రావాలి, తక్కినదానికి ఎండాకాలమంతా పోగుచేసిన పిడకలే దిక్కు. వంటగ్యాసు సిలిండరును ఆరుబయట ఉంచితే అందులోని బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గరే ఆవిరి కావడం మానేస్తుంది. చలికి డీజిల్ కూడా గడ్డకడుతుంది కనుకనే, −33 డిగ్రీల దాకా గడ్డకట్టని ప్రత్యేకమైన డీజిల్‌ను ఇండియన్ ఆయిల్ 2019లో లద్దాఖ్ కోసం తెచ్చింది.

నీళ్ల సంగతి మరీ చెప్పుకోవాలి. చలికాలంలో గొట్టాల్లో నీరు గడ్డకట్టి గొట్టాలు పగులుతాయి కాబట్టి ఇళ్లలో కుళాయిలు కట్టేస్తారు. మేమున్న పల్లెలో గడ్డకట్టకుండా రాత్రింబగళ్లు వదిలిపెట్టిన ఒక్క ధార నుంచి ఆడవాళ్లు క్యాన్లతో వీపు మీద మోసుకొచ్చేవారు. మంచు బాగా కురిసిన రోజున ఆ దారి కూడా మూసుకుపోతే, మంచునే కరిగించుకోవాలి. కొత్తగా పడిన మంచు పది గిన్నెలు కరిగిస్తే ఇంచుమించు ఒక గిన్నెడు నీళ్లు వస్తాయి. సున్నా డిగ్రీల మంచును సున్నా డిగ్రీల నీరుగా మార్చడానికే గ్రాముకు 80 కెలోరీల వేడి కావాలి. అంత వేడితో అంతే నీటిని సున్నా నుంచి 80 డిగ్రీల దాకా కాచుకోవచ్చు. స్నానానికి రోజూ ఒక బకెట్టు వేడినీళ్లని కరపత్రం మాకు మాట ఇచ్చింది. ఆ బకెట్టు కోసం ఎన్ని పిడకలు కాలుతాయో చూశాక మాలో ఎవరమూ మళ్లీ అడగలేదు. అక్కడి మరుగుదొడ్డి కూడా నీరు వాడనిదే. గుంటలో మట్టి, బూడిద చల్లుతారు, వేసవికి అది పొలానికి ఎరువవుతుంది. వెళ్లేవారికి ఈ సంగతి ముందే చెబితే, మన అమ్మలూ అత్తలూ తయారుగా వెళ్తారు, లేదా మానుకుంటారు.

చిన్న సంగతులు మరో రెండు. లిథియం బ్యాటరీలు చలికి త్వరగా దిగిపోతాయి; సున్నాకు దిగువన చల్లబడి ఉన్నప్పుడు వాటికి ఛార్జింగ్ పెట్టకూడదు, ఫోన్‌నూ పవర్ బ్యాంకునూ లోపలి చొక్కా జేబులో ఒంటికి ఆనించి ఉంచుకోవాలి. అమెరికా నుంచి వచ్చిన బంధువులు అక్కరకు వస్తాయని శాటిలైట్ ఫోన్లూ, వాటితో సందేశాలు పంపే పరికరాలూ ఇస్తుంటారు. మన దేశంలో ప్రభుత్వ అనుమతి లేకుండా వాటిని వాడటం నేరం, విమానాశ్రయంలోనే ఇబ్బంది పడతారు.

నేను ఎవరినీ వెళ్లవద్దని చెప్పడం లేదు. తాబోలో మేము గడిపిన చివరి రెండు రాత్రులు, మంచు మీద వెన్నెల పడి కొండలు పట్టపగలులా కనబడిన ఆ రాత్రులు, మా నలుగురికీ జీవితాంతం గుర్తుంటాయి. నేను కోరేది ఇంతే. ఇకపై మీ అనుబంధంలో ఇటువంటి ప్రయాణాల గురించి రాసినప్పుడు, ప్రతి రాత్రి బసకు ఎదురుగా దాని ఎత్తు ఎన్ని మీటర్లో వేయండి. గదికి వేడి పొగగొట్టం ఉన్న పొయ్యి వల్లనా, కరెంటు వల్లనా, ఏదీ లేదా అన్నది ఒక్క మాటలో చెప్పండి. దారి మూసుకుపోతే వాడుకోవడానికి ఎన్ని ఖాళీ రోజులు ఉంచుకోవాలో రాయండి. తిరుగు టికెట్టు తేదీ మెడ మీద కత్తిలా ఉన్నప్పుడే మనుషులు తలనొప్పిని దాచిపెట్టి పైకి ఎక్కుతారు. మా బావమరిది కూడా కల్పాలోనే తల బరువుగా ఉందని ఎవరికీ చెప్పలేదట. ట్రావెల్స్ ప్రకటనలు తీసుకునేటప్పుడు కూడా ఈ అంకెలు అడగగలిగితే ఇంకా మంచిది, వారు అచ్చువేయడానికి ఒక వరుసకు మించి చోటు పట్టదు.

ఈ ఏడాది కరపత్రం మళ్లీ మా అపార్ట్‌మెంటు నోటీసు బోర్డు మీదికి వచ్చింది. దారి అదే, రోజులు అవే. మా బావమరిది దాన్ని ఇంటికి పట్టుకొచ్చి ప్రతి రాత్రి పక్కనా పెన్సిల్‌తో ఎత్తు రాసి, మూడో రాత్రి బసను కొట్టేసి తాబో అని దిద్ది, తీసుకెళ్లి అదే చోట మళ్లీ అంటించి వచ్చాడు.

ఇట్లు,
మీ పాఠకుడు,
మారతహళ్లి, బెంగళూరు