కేజీ డబ్బులు తీసుకుని లీటరు నూనె పోశాను

కావలిలో మా గానుగ దగ్గర నూనె కొనే అక్కలకు, అన్నలకు నమస్కారం. ఉగాది నుంచి మీకు తక్కువ నూనె ఇచ్చాను. తప్పు నాదే.

అంతకు ముందు మీ క్యాన్లు కాటా మీద పెట్టి కేజీల లెక్కన పోసేవాణ్ణి. ఉగాదికి లీటరు బాటిళ్లు తెప్పించాను. ధర మాత్రం పాత కేజీ ధరే ఉంచేశాను. మొన్న ఒక టీచరమ్మ ఇంట్లో తూచుకుని వచ్చి, "అబ్బయ్యా, కేజీ అన్నావు, 910 గ్రాములే ఉందే" అంది. మీ కాటా తప్పమ్మా అన్నాను. ఖాళీ బాటిల్ బరువు తీసేసి మా కాటా మీద పెడితే అదే అంకె. తల దించుకున్నాను.

వేరుశనగ నూనె నీళ్లకంటే తేలిక. కేజీ కావాలంటే దాదాపు 1100 మిల్లీలీటర్లు పోయాలి. 15 కేజీల డబ్బాలో పదహారున్నర లీటర్లు ఉండేది అందుకే. ఈ లెక్కన పదకొండు బాటిళ్లు కొన్నవాళ్లకు నేను కేజీ నూనె బాకీ. వేడికి నూనె వ్యాకోచిస్తుంది కాబట్టి, చలికాలానికీ రోహిణి కార్తెకూ లీటరు బరువులో పది గ్రాముల దాకా తేడా వస్తుంది. ప్యాకెట్ల మీద లీటర్లతో పాటు బరువు కూడా వేయమని 2022లో కేంద్రం చెప్పింది. ఆ ప్యాకెట్లు రోజూ చూస్తూనే ఉన్నా నాకు వెలగలేదు.

సోల పట్టుకొచ్చే పెద్దవాళ్లకు ఒక మాట. రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక. లెక్క అందరిదీ ఒకటే, సోల మాత్రం ఇంటికొకటి. ఇద్దరు తెచ్చిన ఇత్తడి సోలల్లో నీళ్లు పోసి తూస్తే ఒకదానిలో 40 గ్రాములు ఎక్కువ పట్టాయి. వడ్లకైతే మన నెల్లూరు వైపు పుట్టి అంటే 850 కేజీలని ఖాయం చేసుకుని గొడవ వదిలించుకున్నాం. సోలకు ఆ ఒప్పందం లేదు. మీ సోల తెస్తే నీళ్లతో తూచి, ఎన్ని మిల్లీలీటర్లో అడుగున రాసిస్తా. నీళ్లు ఎన్ని గ్రాములో అన్ని మిల్లీలీటర్లు, అంతే. బియ్యంలా గోపురం పోయమని మాత్రం అడగొద్దు, నూనె నిలబడదు.

సోమవారం నుంచి బోర్డు మీద కేజీ ధర, లీటరు ధర రెండూ ఉంటాయి. కేజీ వంద రూపాయలనుకుంటే లీటరు తొంభై ఒకటి. కాటా మీ వైపు తిప్పి పెడుతున్నా.

ఉగాది నుంచి కొన్నవాళ్లు గిన్నె తెచ్చుకోండి, బాటిల్‌కు 90 గ్రాముల చొప్పున పోస్తా. చీటీ అక్కర్లేదు, ఎన్ని కొన్నారో చెప్తే చాలు. అందరూ ఒకే రోజు వస్తే గానుగ అందుకోలేదు, కాస్త ముందూ వెనకా రండి.