ప్రాసెసర్ అప్‌గ్రేడ్ పేరిట వసూలు చేసిన సొమ్ముపై ఫిర్యాదు

ఒంగోలు,
ప్రకాశం జిల్లా.

వినియోగదారుల సేవా విభాగం మేనేజరు గారికి,

విషయం: ల్యాప్‌టాప్ ప్రాసెసర్ వేగం పెంచుతామని ఒంగోలులోని మీ సర్వీస్ సెంటరు సొమ్ము తీసుకుని, ఆ పని చేయకపోవడం.

అయ్యా,

నేను చీమకుర్తిలోని గ్రానైట్ యూనిట్లకు లెక్కలు రాసి జీవనం సాగిస్తున్నాను. గెలాక్సీ రాయి పలకల కొలతలు, ప్యాకింగ్ జాబితాలు, బిల్లులు అన్నీ మీ కంపెనీ ల్యాప్‌టాప్‌లోనే తయారవుతాయి. అందులో ఉన్నది ఇంటెల్ కోర్ ఐ5-8250యు ప్రాసెసర్. కొంతకాలంగా పెద్ద ఎక్సెల్ ఫైలు తెరిస్తే చాలు, ఫ్యాను హోరెత్తడం, కొట్టిన అంకె తెర మీదికి రావడానికే ఆలస్యం కావడం మొదలైంది. సర్వీస్ సెంటరుకు తీసుకెళ్లగా, అక్కడి ఉద్యోగి యంత్రాన్ని పరిశీలించకుండానే ప్రాసెసర్ పాతబడిందనీ, దాని వేగాన్ని 1.6 గిగాహెర్ట్జ్ నుంచి 3.4 గిగాహెర్ట్జ్‌కు అప్‌గ్రేడ్ చేస్తామనీ చెప్పి రూ.6,500 తీసుకున్నారు. బిల్లులోనూ ఇవే మాటలు, ఇవే అంకెలు ఉన్నాయి.

నా ప్రధాన అభ్యంతరం ఆ రెండు అంకెల గురించే. ఈ ప్రాసెసర్ 2017లో విడుదలైననాడే దాని మూల వేగం 1.6, బరువైన పని పడినప్పుడు ప్రాసెసర్ తనంతట తానే కాసేపు వేగం పెంచుకునే టర్బో బూస్ట్‌లో అందుకోగల గరిష్ఠ వేగం 3.4 గిగాహెర్ట్జ్ అని ఇంటెల్ ప్రకటించింది. అంటే ల్యాప్‌టాప్ కొన్ననాడే నాకు దక్కిన వేగాన్ని మీ సర్వీస్ సెంటరు నాకే మళ్లీ అమ్మింది. పైగా ఆ 3.4 ఎల్లవేళలా నిలిచే వేగం కాదు; వేడి, విద్యుత్తు పరిమితులు అనుమతించినంతసేపు మాత్రమే అందే వేగం.

పోనీ ప్రాసెసర్‌నే మార్చారా అంటే అదీ జరగలేదు. డెస్క్‌టాప్‌లో మాదిరిగా సాకెట్‌లోంచి తీసి మరొకటి బిగించేది కాదిది. 1,356 టంకపు బిందువులతో మదర్‌బోర్డుకు అతికి ఉంటుంది. ల్యాప్‌టాప్ తిరిగి తీసుకున్నాక, ప్రాసెసర్ పేరు, వేగం చూపే విండోస్‌లోని టాస్క్ మేనేజర్‌లో అదే పేరు, అదే మూల వేగం కనిపించాయి. అడుగు మూత మర మీద మీ కంపెనీ అంటించిన కాగితపు సీలు చిరగకుండా అలాగే ఉంది. మూతే తెరవని యంత్రంలో దేనిని అప్‌గ్రేడ్ చేశారో మీరే చెప్పాలి. నాకు కనిపించిన మార్పల్లా విండోస్ పవర్ మోడ్‌ను బెస్ట్ పెర్ఫార్మెన్స్‌కు మార్చడమే, అది పైసా ఖర్చు లేకుండా ఎవరైనా చేసుకోగలిగినది.

అసలు లోపం వేరే ఉంది. ఆ సీలుకు ఫొటో తీసుకున్న తరువాత, ఊళ్లోని ఒక చిన్న రిపేరు షాపులో నా ఎదుటే మూత విప్పించాను. ఫ్యాను పక్కనున్న సన్నని రేకుల సందుల్లో బూడిద రంగు రాతిపొడి పరుపు దూదిలా అట్టకట్టి, వేడిగాలి బయటికి పోయే దారిని మూసేసింది. ప్రాసెసర్ వేడిని పైనున్న లోహానికి అందించడానికి పూసే థర్మల్ పేస్ట్ ఎండిపోయి, గోటితో గీస్తే పొడిపొడిగా రాలింది. వేడి పోయే దారి లేక ప్రాసెసర్ తన పరిమితి అయిన 100 డిగ్రీల సెల్సియస్‌కు చేరినప్పుడల్లా, తనను కాపాడుకోవడానికి తానే వేగం తగ్గించుకుంటోంది. టాస్క్ మేనేజర్‌లో వేగం 1.1 గిగాహెర్ట్జ్ దాకా పడిపోవడానికి కారణం ఇదే. మీవాళ్లు మార్చిన సెట్టింగుతో అది మరింత త్వరగా వేడెక్కింది. దుమ్ము తీసి పేస్ట్ మార్చాక అదే ఫైలు మీద వేగం 2 గిగాహెర్ట్జ్‌కు పైనే ఉంటోంది. ఆ షాపులో తీసుకున్నది రూ.600. రాతిపొడి ఎగిరే చోట వాడే యంత్రానికి మొదట చూడవలసింది ఫ్యానేనని ఆ షాపు కుర్రవాడికి తెలిసినప్పుడు, శిక్షణ పొందిన మీ సిబ్బందికి తెలియదంటే నేను నమ్మలేను.

మెమరీ పెంచడం, హార్డ్ డిస్కు స్థానంలో అంతకన్నా వేగంగా పనిచేసే ఎస్‌ఎస్‌డీ వేయడం నిజమైన అప్‌గ్రేడ్‌లు. వాటికి సొమ్ము తీసుకుంటే ఎవరూ కాదనరు. కానీ ప్రాసెసర్ స్పీడ్ అప్‌గ్రేడ్ అన్న బోర్డు మీ కౌంటరు మీద ఇప్పటికీ ఉంది. పిల్లల ఇంజినీరింగ్ చదువు కోసం అప్పు చేసి ల్యాప్‌టాప్ కొన్న తల్లిదండ్రులు ఆ బోర్డును నమ్మి మళ్లీ డబ్బు పోగొట్టుకుంటారన్నదే నా బాధ.

కాబట్టి నా రూ.6,500 తిరిగి ఇప్పించి, ఆ బోర్డును తీసివేయించి, ఏ పని చేసినట్టు బిల్లు ఇచ్చారో లిఖితపూర్వకంగా తెలియజేయగలరు. లేని నాణ్యత ఉందని చెప్పి సేవను అమ్మడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి. స్వయం ఉపాధితో బతుకుతూ నేనే వాడుకునే యంత్రం కనుక ఆ చట్టం నాకూ వర్తిస్తుంది. 15 రోజుల్లో మీ జవాబు అందకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లోనూ, ఒంగోలులోని జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనూ ఫిర్యాదు చేస్తాను.

ఇట్లు,
మీ వినియోగదారు

జతపరచినవి: బిల్లు నకలు, చిరగని సీలు ఫొటో, దుమ్ము తీయకముందూ తీసిన తరువాతా టాస్క్ మేనేజర్ తెర చిత్రాలు.