చక్కెర జబ్బు వారి పాదాలు: చెన్నై నగర ఆరోగ్యాధికారి గారికి బహిరంగ లేఖ

అయ్యా,

తమిళనాడు ప్రభుత్వ ఇంటింటి వైద్య పథకం 'మక్కలై తేడి మరుత్తువం' కింద షుగర్, బీపీ మాత్రలు గుమ్మం దాకా వస్తున్నాయి. ఆ చేత్తోనే ఏడాదికోసారి పాదాలూ పరీక్షించమని మనవి. టైప్ 2 షుగర్ బయటపడే నాటికే కొందరిలో నరాలు దెబ్బతిని ఉంటాయి. మొద్దుబారిన కాలు నొప్పి చెప్పదు.

10 గ్రాముల మోనోఫిలమెంట్, అంటే స్పర్శ తెలుస్తోందో లేదో చూసే సన్నటి నైలాన్ తీగ, ఉండాలి. ముందు చేతిమీద తాకించి చూపి, కళ్లు మూయించి, అరికాలిమీద తీగ వంగేదాకా నొక్కి ఒకటి రెండు సెకన్లలో తీసేయాలి. కాయ కట్టిన చోట పెడితే తప్పుడు ఫలితమే. వరుసగా పదిమందికి వాడాక తీగకు ఒక రోజు విశ్రాంతినివ్వాలి. లేకుంటే మెత్తబడి తక్కువ బరువుకే వంగుతుంది. జతగా, అదురు తెలుస్తోందో లేదో చూడడానికి, 128 హెర్ట్జ్ ట్యూనింగ్ ఫోర్క్‌ను మోగించి బొటనవేలి ఎముకపై ఆనించాలి.

నరాల తర్వాత రక్తనాళాలు చూడాలి, చిక్కు వాటితోనే. డాప్లర్‌తో (రక్త ప్రవాహాన్ని ధ్వని తరంగాలతో పసిగట్టే పరికరంతో) చూసిన చీలమండ సిస్టాలిక్ బీపీని (పై అంకెను) చేతి బీపీతో భాగిస్తే 0.9 లేదా అంతకన్నా తక్కువ వస్తే ధమని పూడుకుంటున్నట్టు. 1.4 దాటితే సంబరపడొద్దు: ధమని గోడలో కాల్షియం పేరుకుని బీపీ పట్టీ (కఫ్) ఒత్తిడికి లొంగడం లేదన్నమాట. షుగర్ వాళ్లలో ఇది అరుదేమీ కాదు. అప్పుడు బొటనవేలి బీపీ కొలవాలి. చేతి బీపీలో 0.7 వంతు కన్నా తక్కువైతే పెద్దాసుపత్రికి పంపాలి.

ఫలితాన్ని మందుల చీటీమీదే రాయించండి, షావుకారుపేట లాంటి చోట్ల తెలుగులో కూడా.

ఇట్లు,
చెన్నైలోని కొందరు తెలుగు వైద్య సిబ్బంది