పిల్లి బండారం బయటపడింది

ఒరేయ్ పంతులూ,

నీ ఉత్తరం జూన్‌లో వచ్చింది, ఇప్పుడు ఆగస్టు నడుస్తోంది. ఈపాటికి నన్ను నాలుగు తిట్లు తిట్టుకునే ఉంటావు, తిట్టుకో. ఫోన్ చేయొచ్చుగా అంటావేమో, ఫోన్లో చెబితే మధ్యలో నవ్వి అంతా పాడుచేస్తావు.

అమ్మ బాగుంది, మోకాలు మాత్రం అలాగే ఉంది. బుజ్జిదానికి అమలాపురంలోనే సీటొచ్చింది. కోనసీమ జిల్లా అయ్యాక ఏదైనా పనిపడితే కాకినాడ దాకా పోనక్కర్లేదు. కబుర్లు అయిపోయాయి. ఇక అసలు సంగతి.

జూలైలో గోదారి వచ్చింది కదా. భద్రాచలంలో 71 అడుగులనగానే లంకలో ముసలాళ్ళంతా 1986 లెక్కలు తీశారు. అప్పుడు 75 దాటింది కాబట్టి ఇప్పుడు అంత రాదులే అని ధీమా. ధవళేశ్వరంలో 25 లక్షల క్యూసెక్కులు దాటాక ధీమా కూడా పడవెక్కేసింది. బియ్యం, టీవీ, పొలం కాగితాలు అటకెక్కించాను. ఫ్రిజ్‌ని మంచం మీదకెత్తాను. మధ్యగదిలో తాతయ్య తివాచీ మాత్రం అలాగే పరిచి ఉంది. మర్చిపోయాన్రా. ఎనభై ఆరులో తాతయ్య బియ్యం కన్నా ముందు దాన్నే డాబా ఎక్కించాడు, గుర్తుందా? ఎందుకు గుర్తుండదులే, ఆ డాబా మీదే కదా మనిద్దరం... ఆగు, అక్కడికే వస్తున్నాను.

నీళ్ళు తీశాక వచ్చి చూస్తే గదినిండా జానెడు ఒండ్రు, దాని కింద తివాచీ, బురదలో పడుకున్న గేదెలా ఉంది. నలుగురం పట్టినా కదల్లేదు. దాని కిందేసిన స్పాంజి షీటు కంపు చెప్పలేను. అందులో గోదారి ఒక్కటే లేదు, ఊళ్ళో కాలవలన్నీ ఉన్నాయి. ఆ షీటుని అప్పుడే గొయ్యి తీసి పాతిపెట్టాం.

పక్కింటి బాబాయి రెండు కొబ్బరిచెట్లకు మోకు కట్టి తివాచీని ఆరేద్దామన్నాడు. నేనూ సరే అన్నాను. ఎందుకో మనసొప్పక ఏలూరు ఫోన్ చేశాను. తంగెళ్ళమూడిలో తివాచీలు నేసే పెద్ద సాయిబుగారు ఒకాయన ఉన్నారు, మా ముత్తాతలు పర్షియా నుంచి తెచ్చిన పని బాబూ అంటారు. మోకు మాట వినగానే ఆయన గొంతు మారిపోయింది. తడి బరువుకు పడుగు, అంటే నిలువు దారాలు, తెగిపోతుంది, వేలాడదీయొద్దు, చుట్టి మోయండి అన్నారు. నీళ్ళు తీసిన రెండు రోజుల్లో ఆరకపోతే బూజు పడుతుందట. వేణ్ణీళ్ళు వద్దు, బట్టల సబ్బు వద్దు, ఎర్రటి ఎండ అసలే వద్దు. చన్నీళ్ళు, కాస్త షాంపూ, రంగు కారితే ఆఖరి నీళ్ళలో కొంచెం వెనిగర్. అంతే.

సెంటర్లో కొట్టుకెళ్ళి షాంపూ పొట్లాలు నలభై ఇమ్మన్నాను. కొట్టువాడు నా తలవైపు చూశాడు, పొట్లాలవైపు చూశాడు, మళ్ళీ నా తలవైపు చూశాడు. "ఇంకా ఆశ ఉందాండీ?" అన్నాడు. నవ్వుకో. నీ తల సంగతి కూడా నాకు తెలుసు.

తిరిగొచ్చేసరికి బ్లీచింగ్ చల్లే కుర్రాడు తివాచీ మీద గుప్పెడు వేసేశాడు. "పురుగులు చస్తాయండి, ఆయ్" అంటాడు. పురుగుల మాటేమో గానీ ఆ మూలన ఉన్ని పచ్చబడి, చేత్తో తాకితే పొడిలా రాలింది. బ్లీచింగ్‌కి ఉన్ని కరిగిపోతుందని అప్పుడే తెలిసింది.

బోరు నీళ్ళతో కడిగినకొద్దీ ఒండ్రు వస్తూనే ఉంది. ఎర్రరంగు తెలుపులోకి పాకిందిగానీ వెనిగర్ కాస్త కాపాడింది. నీళ్ళు పిండడానికి మా ఆవిడ అప్పడాల కర్ర తీసుకున్నాను, ఆ గొడవ ఇంకో ఉత్తరంలో. కరెంటు లేదు. షామియానా కొట్టువాడి దగ్గర జనరేటరు, పెళ్ళిళ్ళలో పెట్టే నిలువు ఫ్యాన్లు నాలుగు తెచ్చాను. "తివాచీకి ముహూర్తం ఎప్పుడండీ?" అన్నాడు. నులక మంచాలు జతచేసి దాన్ని పరిచి, కిందనుంచి, పైనుంచి గాలి. తడిసి మోపెడవడమంటే ఏమిటో బరువు మోసినప్పుడు సగం, బిల్లు కట్టినప్పుడు సగం తెలిసింది.

ఒక పక్క మనవాళ్ళ అరటితోటలు నీళ్ళలో కుళ్ళిపోతుంటే నేను తివాచీకి ఫ్యాన్లు పెట్టుకు కూర్చున్నానని ఓ పూట సిగ్గేసింది. బాబాయి తోట మొత్తం పోయింది. అయినా ఆయనే వచ్చి నాతో పాటు దాన్ని తిరగేశాడు. ఏమనాలో... సరే వదిలెయ్.

ఇప్పుడు విను. రెండో రోజు సాయంత్రం అంచు తిరగేస్తున్నాం. సోఫా కాలికింద ఎప్పుడూ దాక్కునే ఆ మూల గుర్తుందా? అక్కడ అరచేయంత నీలం మచ్చ! వరద సెలవుల్లో నకలు రాస్తానని నువ్వు డాబా మీదకి తెచ్చి ఒలకబోసిన బ్లూబ్లాక్ సిరా. మీ నాన్నగారి ఎర్ర సిరా పోసి కప్పాం చూడు, అది మొత్తం కొట్టుకుపోయింది. నీలం చెక్కుచెదరలేదు.

అమ్మ కళ్ళజోడు సర్దుకుని "ఇదేమిట్రా?" అంది. నలభై ఏడేళ్ళ వాణ్ణి, ఇద్దరు పిల్లల తండ్రిని, నోట్లోంచి ఠక్కున ఏమొచ్చిందో తెలుసా? "పిల్లి!"

అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "పిల్లికి నకలు రాసే పని ఎందుకు పడిందిరా? దాన్ని ఆ రోజు చీపురుతో కొట్టాను కూడా" అంది. ఇక నవ్వింది చూడు, మోకాలు పట్టుకుని మరీ నవ్వింది. నీ పేరు నేను చెప్పలేదు. ఆవిడే చెప్పింది. ముప్పై ఆరేళ్ళుగా నీ మీద అనుమానమేనట. సంక్రాంతికొస్తే చీపురు సిద్ధంగా ఉంటుందంది.

తివాచీ బతికింది, ఓ అంచు కుంచించుకుపోయి అలలా లేచింది. మబ్బు పట్టిన రోజున ఇప్పటికీ గోదారి వాసనేస్తుంది. ఆ మచ్చ మీద సోఫా పెట్టబోతే అమ్మ వద్దంది, కనపడేలా ఉంచమని...

రేవుకెళ్ళే కుర్రాడు ఉత్తరం పోస్టులో వేస్తానని వాకిట్లో నిలబడ్డాడు. షామియానా బిల్లులో సగం నీది, చెప్పడం మర్చి