నాన్నగారి మౌనం గురించి

ప్రియమైన సుధాకర్,

నీ ఉత్తరం అందింది. నాన్నగారు వరండాలో పడక్కుర్చీలో గంటల తరబడి ఊరికే కూర్చుంటున్నారని, ఆ తలలో ఏం జరుగుతోందో తెలియక భయమేస్తోందని రాశావు. ఆ మాట నన్ను రెండు రోజులుగా వదలడం లేదు.

ఊరికే కూర్చున్నా మెదడుకు విశ్రాంతి ఉండదు సుధాకర్. ఒంటి బరువులో 2 శాతమే అయినా ఒంటికి అందే శక్తిలో దాదాపు 20 శాతం అదే తీసుకుంటుంది. లెక్కలు చేయమన్నా ఆ ఖర్చు సాధారణంగా 5 శాతం కూడా పెరగదు. 1995లో భరత్ బిస్వాల్ అనే పరిశోధకుడు స్కానర్‌లో కదలకుండా పడుకున్నవాళ్లను పరిశీలిస్తే, మెదడులో చేతులను ఆడించే కుడి ఎడమ భాగాలు ఏ పనీ లేకుండానే ఒకే లయలో హెచ్చుతగ్గులు అవుతున్నాయట! పనిలో పడగానే సద్దుమణిగి, తీరిక దొరకగానే పుంజుకునే భాగాలను 2001లో మార్కస్ రైకిల్ అనే శాస్త్రవేత్త బృందం ‘డిఫాల్ట్ మోడ్’ (పని లేనప్పటి సహజ స్థితి) అంది. పాత జ్ఞాపకాలు, రేపటి బెంగలు మెదిలేటప్పుడు చురుగ్గా ఉండేవి అవే.

నిన్న పొయ్యి దగ్గర నిలబడి మన హాస్టల్ రోజులు తలచుకుంటున్నాను. కుక్కర్ కూత వేసింది. జ్ఞాపకం చెదిరింది, చెయ్యి మంట తగ్గించింది. అలాంటి క్షణాల్లో మెదడు కాండంలోని ‘లోకస్ సెరూలియస్’ అనే నీలిమచ్చ ఒక్కసారిగా చురుకెక్కుతుంది. రెండు వైపులా కలిపి సుమారు 50 వేల కణాలు, అంతే. అవి పంపే నార్‌అడ్రినలిన్ అనే రసాయనం మెదడంతటా పాకి, శ్రద్ధను బయటికి మళ్లిస్తుంది. నుదుటి వెనక భాగాల నుంచి ఆ మచ్చకు తిరుగు కబుర్లూ వెళతాయి. ఎంత చక్కని ఇచ్చిపుచ్చుకోలో చూడు!

నాన్నగారి పార్కిన్సన్స్ జబ్బులో, కదలికలకు కావలసిన డోపమిన్ అనే రసాయనాన్ని తయారుచేసే ‘సబ్‌స్టాన్షియా నైగ్రా’ అనే మెదడు భాగంలోని కణాలు నశిస్తాయని డాక్టరు చెప్పే ఉంటారు. ఈ జబ్బులో నీలిమచ్చ కణాలూ తగ్గిపోతాయి. లెవోడోపా మాత్ర ముఖ్యంగా డోపమిన్ లోటునే పూడుస్తుంది. కాబట్టి ఒళ్లు బిగుసుకుపోవడం తగ్గినా హుషారు రాకపోవచ్చు. దయచేసి దాన్ని మొండితనం అనుకోకు, ఆయన మీద విసుక్కోకు. ఈ మౌనం గురించి డాక్టరుకు విడిగా చెప్పు.

ఒక వారం పాటు చిన్న పని చెయ్యి: మాత్ర వేసుకున్నాక ఎంతసేపటికి ఆయన పేపరు అడుగుతున్నారో, ఎప్పుడు పక్కన పెట్టేస్తున్నారో ఒక నోట్‌బుక్‌లో రాసిపెట్టు. దసరాకు వస్తున్నాను, ఆయనతో చదరంగం ఆడాలి. బల్ల వరండాలోనే వేయించు.

నీ
శ్రీను