ఇకపై జడ్జి టేబుళ్ల దగ్గరే ఉంటారు

పోయిన ఆదివారం మన షాపులో మ్యాజిక్ కార్డుల ఆట టోర్నమెంట్ ఆడినవాళ్లకు ఈ సంగతి నేరుగా చెప్పాలి. మూడో రౌండ్‌లో ఒక టేబుల్ నుంచి చెయ్యెత్తి పిలిస్తే జడ్జి చాలాసేపటికి గానీ రాలేదు. ఆ సమయంలో ఆయన కౌంటర్ వెనక బహుమతి ప్యాకెట్లు లెక్కపెడుతున్నారు.

ఆ కార్డుల ప్యాకెట్లుండే బూస్టర్ బాక్సులు డిస్ట్రిబ్యూటర్ నుంచి గురువారానికే రావాలి. డబ్బు ముందే కట్టాం. శుక్రవారం అడిగితే దారిలో ఉన్నాయన్నారు, శనివారం ఫోనే ఎత్తలేదు. ఆదివారం ఆట మధ్యలో ఆటోలో అట్టపెట్టెలు దించి, సంతకం పెట్టమన్నారు. విప్పితే సరుకు తక్కువ. తెచ్చిన మనిషి ఉండగానే లెక్క తేలకపోతే ఆ తర్వాత ఎవరూ ఒప్పుకోరు. కౌంటర్లో నేనొక్కణ్ణే ఉండటం చూసి జడ్జి తానే సాయానికి వచ్చారు. ఇన్నేళ్లు అడ్వాన్సు కట్టి కొన్న షాపుకు ఇచ్చే మర్యాద ఇదేనా అని ఇప్పటికీ కడుపు మండుతోంది. ఆ డిస్ట్రిబ్యూటర్ దగ్గర ఇక కొనను. వేరేచోట రేటు ఎక్కువే, అయినా ఎంట్రీ ఫీజు పెంచను. ప్యాకెట్లు తక్కువ అందినవాళ్లు కౌంటర్లో తీసుకోండి.

"అన్నా, ఇక్కడ జడ్జి ఉన్నా లేనట్టే" అని ఒకరు అన్న మాట మాత్రం గట్టిగా గుచ్చుకుంది.

మనకున్నది ఒక్క జడ్జి. ఆయన ముందు చూడాల్సింది ఎత్తిన చెయ్యి. తప్పు జరిగిన వెంటనే పట్టుకుంటే ఆటను అక్కడికి వెనక్కి తిప్పొచ్చు. ఇంకో రెండు కార్డులు తీసి, ఒక అటాక్ కూడా అయిపోయాక తిప్పడం చాలా కష్టం. ఆ తర్వాత చూడాల్సింది రౌండ్ చివర మిగిలిన టేబుళ్లు. రౌండ్‌కు 50 నిమిషాలు, ఆపైన ఐదు టర్నులు (ఆటగాళ్ల వంతులు), దానికి తోడు ఎక్స్‌టెన్షన్లు, అంటే మధ్యలో ఆగిన టేబుల్‌కు ఇచ్చే అదనపు సమయం. స్విస్ పద్ధతిలో, అంటే ఓడినా బయటికి పంపకుండా దాదాపు సమాన పాయింట్లున్నవాళ్లను జతకట్టే పద్ధతిలో, అందరి ఫలితాలూ వస్తే గానీ తర్వాతి రౌండ్ జతలు పడవు, కాబట్టి ఒక్క టేబుల్ ఆగితే హాలంతా ఆగినట్టే.

నన్ను నిద్రపోనివ్వనిది డెక్ చెక్, అంటే ఆడేవాళ్ల కార్డుల కట్టను (డెక్‌ను) తనిఖీ చెయ్యడం. వాళ్లు రాసిచ్చిన లిస్టుతో పోల్చి 60 కార్డులూ, సైడ్‌బోర్డ్ (గేముల మధ్య మార్చుకునే కార్డులు) 15 చూడాలి, స్లీవ్‌ల (కార్డుల తొడుగుల) మీద గుర్తులున్నాయేమో చూడాలి. రెండు డెక్‌లకు ఏడు నిమిషాలు పట్టిందనుకోండి, దానికి ఇంకో మూడు కలిపి పది నిమిషాలు ఆ టేబుల్‌కు అదనంగా ఇవ్వాలి. ఆ ఏడు నిమిషాలూ హాల్లో జడ్జి ఉండరు. అలాగని మానేస్తే నిజాయితీగా ఆడేవాళ్లకు అన్యాయం. చెక్‌లు పెంచమని అడుగుతున్నవాళ్ల భయం నాకు తెలుసు, అది ఉత్తి భయమేమీ కాదు. ఎన్నో విధాల ఆలోచించి ఇలా తేల్చాను: డెక్‌లిస్టులు అందరి దగ్గరా తీసుకుంటాం, జడ్జి వాటిని టేబుళ్ల మధ్య నిలబడే చదువుతారు. డెక్ చెక్ టోర్నమెంట్‌కు ఒక్కటే, ఏ రౌండ్‌లో అన్నది ముందుగా చెప్పం. అది జరిగేటప్పుడు హాల్లో నేనుంటాను. తీర్పు నేను చెప్పను. ఎవరైనా చెయ్యెత్తితే ఆయన చెక్ ఆపి వస్తారు.

ఆడేవాళ్లలోనే ఒకరిని రెండో జడ్జిగా పెట్టమని కొందరన్నారు. తన మ్యాచ్ ఆడుకుంటూ పక్క మ్యాచ్‌కు తీర్పు చెప్పడం నాకు సమ్మతం కాదు. ఎంతమంది అడిగినా ఈ విషయంలో మారను.

బహుమతులు, స్టాకు, ధరలు, పార్కింగ్, ఏదైనా నన్నే అడగండి. జడ్జిని ఆట గురించి తప్ప వేరే పనికి పిలవొద్దు, నేనూ పిలవను. వచ్చే టోర్నమెంట్ నెలాఖరు ఆదివారం, డెక్‌లిస్టులు ఉదయం పదింటికల్లా ఇవ్వాలి.