మా బల్ల మీద హరికేన్

ఎడిటర్ గారికి,

సత్యనారాయణపురంలో మా ఇంట్లో నేనూ మా అబ్బాయీ 1:24 స్కేలులో, అంటే అసలుదానిలో 24వ వంతు సైజులో, రెండో ప్రపంచ యుద్ధం నాటి హరికేన్ యుద్ధ విమానం నమూనా కడుతున్నాం, అసలుది రెక్కల వెడల్పు 12.19 మీటర్లు, మాది దాదాపు 51 సెంటీమీటర్లు, అన్నం తినే బల్ల సగం దానిదే. కిట్‌లో ఇచ్చిన సీటు బెల్టులు మొద్దుగా ఉన్నాయని మాత్రల స్ట్రిప్ రేకును సన్నగా కోసి కొత్తవి చేశాం, పాత చార్జర్ వైరులోని రాగి తీగలతో ఇంజన్ పైపులు పెట్టాం. అసలు విమానానికి వెనక భాగం గుడ్డతో కప్పి ఉంటుంది కాబట్టి అక్కడ రివెట్లు (రేకులు బిగించే మేకుల గుర్తులు) గుచ్చలేదు. 1944లో ఇంఫాల్‌లో, తర్వాత మన వైమానిక దళాధిపతి అయిన అర్జన్ సింగ్ స్క్వాడ్రన్ (విమానాల దళం) నడిపింది వీటినే అని చెబితే వాడు ఆ రోజంతా ఇసుక కాగితం వదల్లేదు! జనవరిలో జరిగే మన బెజవాడ పుస్తకాల పండగలో ఇలాంటి నమూనాలకి ఒక్క బల్ల ఇప్పించమని మీ పేపర్లో రాయండి.

- ఒక పాఠకుడు, విజయవాడ